నలభై రెండు పిన్నుల గోడ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. క్యూబాలోని మా కమగ్వే ఊళ్ళో అయితే విడాకులు తీసుకుని చూడు అనాలి. ఇదల్మిస్‌కీ ఎవేలియోకీ విడాకులివ్వడానికి కోర్టులో ఇరవై నిమిషాలు పట్టింది. ఆ తర్వాత ఇద్దరూ ఒకే రిక్షాలో ఒకే ఇంటికి తిరిగొచ్చారు. రిక్షా ఎవేలియోదే, తొక్కిందీ అతనే. ఆమె వెనక సీట్లో కూర్చుని వీధి వంక చూస్తూ వచ్చింది. వేరే వెళ్ళడానికి ఇల్లుంటే కదా!

అలా పదకొండేళ్ళు గడిచాయి. వీధి వైపు సగం ఆమెది, పెరటి వైపు సగం అతనిది. వంటగది పదకొండింటి దాకా ఆమెది, తర్వాత అతనిది. ఫ్రిజ్‌లో పై అర ఆమెది, కింది అర అతనిది. రేషన్ పుస్తకం మాత్రం ఒక్కటే. అందులో పేర్లు రెండూ అలాగే ఉన్నాయి కాబట్టి రోజూ రెండు రొట్టెలు కలిసే వచ్చేవి, వచ్చాక విడిపోయేవి.

నేను వాళ్ళ పై వాటాలో ఉంటాను. పేరు బెనిగ్నా. రైల్వే టికెట్ కౌంటర్లో ముప్పై ఏళ్ళు పనిచేశాను కనుక కిటికీకి రెండు వైపులా మనుషులతో వేగడం నాకు కొత్త కాదు. ఈ పదకొండేళ్ళూ వాళ్ళిద్దరి మధ్య మాట నడిచిందంటే అది నా నోటి మీదుగానే. ఇదల్మిస్ చీపురుకర్రతో పైకప్పు పొడిస్తే నేను దిగేదాన్ని. ఆమె కుడి మోకాలు అరిగిపోయింది, గుమ్మం ముందున్న మూడు మెట్లే పీతలా పక్కకు తిరిగి దిగుతుంది, ఇక నా వాటాకి ఎక్కే ప్రసక్తే లేదు. ఎవేలియో అయితే పెరట్లోంచి ఈల వేస్తాడు. "వదినా, దానికి చెప్పు, నా అరలో బీన్స్ గిన్నె ముట్టుకోవద్దని." నేను చెప్పేదాన్ని. "అక్కా, ఆయనకి చెప్పు, ఆ బీన్స్ కుక్క కూడా ముట్టుకోదని." అదీ చెప్పేదాన్ని.

ఇదల్మిస్ కంప్యూటర్లు బాగుచేస్తుంది. వీధి కిటికీ పక్కన బల్ల వేసుకుని కూర్చుంటే మా వార్డులో చచ్చిన ప్రతి కంప్యూటరూ ఆమె ముందుకే వచ్చేది. కొన్ని బతికేవి, కొన్ని బతికేవాటికి అవయవాలిచ్చి పోయేవి. వాటి రేకు తలుపులు మాత్రం మూలన పేరుకుపోయేవి. విడాకులైన మూడో వారం ఆ రేకులన్నీ తీసి, అంచు మీద అంచు పెట్టి, ఇంటి నడుమ నిలబెట్టి గోడ కట్టేసింది. మేకులు దొరకని రోజులవి. అందుకని ఫ్యాను పిన్నులు వాడింది.

ఆ పిన్ను గురించి చెప్పాలి. కంప్యూటర్ మెదడు మీద కూర్చునే ఫ్యాన్‌ని బోర్డుకు పట్టి ఉంచేవి నాలుగు ప్లాస్టిక్ పిన్నులు. ఒక్కోదానికి తెల్లటి కాలు ఉంటుంది, చివర రెండుగా చీలి. దాంట్లోకి నల్లటి పుల్ల దిగితే ఆ చీలిక విచ్చుకుని బోర్డు అడుగున కరిచిపట్టుకుంటుంది. నల్ల పుల్ల తల మీద ఒక బాణం గుర్తు. అందరూ ఆ బాణం బిగించడానికనుకుంటారు. అది విప్పడానికి. రోజుకొకడైనా వచ్చేవాడు, బాణం వైపు తిప్పి తిప్పి ఫ్యాను ఊడగొట్టుకుని. "బాణం ముట్టుకోకు నాయనా! అటు తిప్పితే ఊడుతుంది, బిగుసుకోదు!" అని ఆమె పెట్టే కేకలు పైన నాకు కంఠతా వచ్చాయి. గోడ అవతల అన్నం తినే మనిషికి రాలేదంటే ఎవరు నమ్ముతారు?

గోడకు పట్టినవి నలభై రెండు పిన్నులు. నల్ల తలలు ఆమె వైపు, తెల్ల కాళ్ళు అతని వైపు. అన్ని ఉన్నా అతని గురక మాత్రం ఆ గోడ ఆపలేదు.

ఈ ఇంటిని ఇచ్చి రెండు చిన్న గదులు తీసుకుందామని అయిదుసార్లు ప్రయత్నించారు, అయిదుసార్లూ చెడింది. ఒకరికి పైకప్పు నచ్చలేదు, ఒకరికి నేను నచ్చలేదు. ఆరోసారి తగిలారు ఉల్పియానో, జెనైదా. ఆయన రిటైరైన రొట్టెల మేస్త్రీ, ఆవిడ నర్సు, అరవై అయిదేళ్ళకి ప్రేమలో పడ్డారు. చెరొక గది ఉంది, కలిసుండే ఇల్లు లేదు. వీళ్ళకి కలిసున్న ఇల్లుంది, చెరొక గది లేదు. రొట్టె విరిగి నేతిలో పడ్డట్టే అనుకున్నాను.

ఆ గదుల్లో జెనైదాది మార్కెట్ వెనక, నేల మీద. ఉల్పియానోది స్టేషన్ దగ్గర, నాలుగో అంతస్తులో. లిఫ్ట్ గీఫ్ట్ ఏమీ లేవు.

"కింది గది నాకు కావాలక్కా" అంది ఇదల్మిస్. "కంప్యూటర్ భుజానేసుకుని నాలుగంతస్తులు ఎవడెక్కుతాడు? అసలు నేనెక్కగలనా? ఆయన్ని అడిగి రా."

వెళ్ళాను. ఎవేలియో పెరట్లో రిక్షా గొలుసుకి నూనె పెడుతున్నాడు. విషయం చెప్పాను. తల ఎత్తకుండా, "చూద్దాంలే వదినా" అన్నాడు.

నేను తిరిగొచ్చి, "సరే అన్నాడు" అన్నాను.

దీన్ని అబద్ధమనకండి, తొందర అనండి. అయిదుసార్లు చెడిన బేరం. పదకొండేళ్ళు మెట్లు దిగి ఎక్కిన కాళ్ళు నావి. 'చూద్దాం' అన్న మాట మోసుకొస్తే ఆమె 'ఏం చూస్తాడట?' అంటుంది, నేను మళ్ళీ వెళ్ళాలి. ఆ ఒక్క మాట నేను దించేశాను, అంతే. నోటరీ ఆఫీసులో నెల తర్వాత వచ్చే శుక్రవారం పది గంటలకు టైమ్ ఇచ్చారు.

ఆ శుక్రవారం ఇంకా మూడు రోజులుందనగా, మంగళవారం పొద్దున్నే నోటరీ గుమాస్తా రిగోబెర్తో వచ్చాడు, ముఖాన చెమట.

"ఇదల్మిస్, మా కంప్యూటర్ పది నిమిషాలకోసారి చచ్చిపోతోందమ్మా. మీ కాగితం టైప్ చేస్తుండగానే పోయింది. పై ఆఫీసు మెకానిక్ మూడు వారాల దాకా రాడట."

మూడు వారాలు! జెనైదాకి అవతల ఇంకో ఇల్లు చూపించారని, పెరట్లో జామచెట్టు కూడా ఉందని, శుక్రవారం దాటితే ఆగనని ఆవిడ ముందే చెప్పేసింది. ఇదల్మిస్ పనిముట్ల సంచీ తీసింది. ఎవేలియో రిక్షా కాదని వేరేవాడి రిక్షా పిలిచి ఇద్దరం వెళ్ళాం.

పెట్టె విప్పగానే ఆమె ముఖం మారింది. ఫ్యాను ఒక పక్కకు లేచి ఉంది. నాలుగు పిన్నుల తలలూ బాణం వైపుకి తిరిగి ఉన్నాయి. ఒకటి పూర్తిగా పైకి వచ్చేసింది.

"ఎవరు తిప్పారు వీటిని?"

"నేనే!" అన్నాడు రిగోబెర్తో, మెడల్ ఇస్తారేమో అన్నట్టు. "ప్రతి సోమవారం బిగిస్తున్నా. ఈ మధ్య ఒకటి మొరాయిస్తే పట్టకారుతో తిప్పా. రోజూ ఎవేలియో రిక్షాలోనేగా నేను వచ్చేది, ఆయనే చెప్పాడు. బాణం వైపు తిప్పితే గట్టిగా పడుతుంది, మా ఆవిడ అలాగే చేస్తుంది అని."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. కానీ నాకు ముందు తట్టింది ఆ సంగతి కాదు. పదకొండేళ్ళ తర్వాత కూడా 'మా ఆవిడ' ఏమిటి అని. ఇదల్మిస్ నా వైపు చూడలేదు. పిన్నుల పని మొదలుపెట్టింది.

ఒక్కో నల్ల పుల్లనీ గోళ్ళతో నెమ్మదిగా పైకి లాగి, తెల్ల కాలి చీలికను రెండు వేళ్ళతో నొక్కి బయటికి తీసింది. దుమ్ము తుడిచి, కాగితం మీద జతలుగా పేర్చింది. మూడు జతలు బాగానే ఉన్నాయి. నాలుగోదాని తెల్ల కాలికి ఒక చీలిక విరిగిపోయింది.

"మూడు కాళ్ళ మీద నిలబడదా?" అన్నాను.

"నిలబడుతుంది, నాలాగే. గంటసేపు."

అలాంటి పిన్ను ఊళ్ళో దొరకదు. విరిగినవాటికి రీఫిల్ గొట్టం కోసి అతికించినవాళ్ళున్నారు, ఆ అతుకు వేడికి రెండు రోజులు ఆగదు. నోటరీ మేడం ముందు అది ఊడితే బేరం అక్కడే ముగుస్తుంది. ఆ పిన్నులు ఉన్న చోటు ఒక్కటే. ఆమె ఇంటి గోడ.

ఇంటికి రాగానే గోడ ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. ఒకటి తిప్పి లాగింది, పుటుక్కుమని విరిగింది. రెండోది కూడా. పదకొండేళ్ళు రేకు వేడికి ఎండిపోయి, విచ్చుకున్న కాళ్ళు విచ్చుకున్నట్టే బిగుసుకుపోయాయి. ఇటు నుంచి లాగితే అటు రేకుకి తట్టి విరుగుతున్నాయి. వీటిని పెట్టేటప్పుడు అవతల ఎవరూ అక్కర్లేదు, ఒక్క నొక్కు నొక్కితే చాలు. తీసేటప్పుడే అవతలి వైపు రెండు వేళ్ళు కావాలి.

ఒంటిగంటకి ఎవేలియో భోజనానికి వచ్చాడు. గిన్నె చప్పుడు వినిపించింది. నేను కాఫీ పట్టుకుని ఇటువైపు నిలబడి ఉన్నాను, కబురు నాకే చెబుతుందని. ఆమె నా వైపు చూడలేదు.

"ఎవేలియో" అని పిలిచింది.

చెంచా ఆగింది. "వదిన లేదా?" అన్నాడు.

"ఉన్నా నాయనా. పిలిచింది నన్ను కాదు" అన్నాను.

"నీ మంచం తలవైపు, పై నుంచి మూడోది" అంది ఇదల్మిస్. "తెల్ల కాళ్ళు రెండూ కలిపి నొక్కి పట్టుకో. నేనిటు లాగుతా."

"ఎందుకు?"

"నువ్వు చెడగొట్టింది బాగుచెయ్యడానికి."

అటు నుంచి చిన్న గొంతుతో, "రిగోబెర్తో చెప్పేశాడా?"

"చెప్పాడు. బాణం సంగతి నీకు తెలీదని మాత్రం చెప్పకు."

"తెలుసు. నువ్వు రోజూ అరుస్తావుగా. నిద్రలో లేపి అడిగినా చెబుతా."

"మరెందుకు చేశావ్ ఈ పని? నేను పదకొండేళ్ళుగా ఇందులోంచి బయటపడాలని చస్తుంటే?"

"రిక్షాని నాలుగో అంతస్తుకి ఎలా ఎక్కించమంటావ్?" అన్నాడు. గొంతు పెరిగింది. "వీధిలో వదిలేస్తే తెల్లారేసరికి ఉంటుందా? నిరుడు మన వీధి చివరి వెల్డర్ రిక్షా పోతే బెల్లు ఒక్కటి మిగిలింది. రిక్షా లేకపోతే నేనేం తిని బతకాలి?"

"సరే అన్నావుగా!"

"ఎవరన్నారు? చూద్దాం అన్నా."

నడుమ రేకు గోడ ఉంది కానీ, ఒట్టు, ఇద్దరూ నా వంకే చూసినట్టనిపించింది. కాఫీ చల్లారిపోయింది. సిగ్గుతో నా చెవులు మండిపోయాయి.

"ఆ ముక్క నాకే చెప్పొచ్చుగా" అంది ఇదల్మిస్ చివరికి.

"నీకు చెప్పే అలవాటు పోయింది."

చేసిన తప్పు దిద్దుకుందామని నేను గబగబా ఒక ఉపాయం చెప్పాను. పోనీ, నేల గది ఇదల్మిస్ తీసుకుంటుంది, ఎవేలియో పైన పడుకుంటాడు, రిక్షా మాత్రం ఆమె గదిలో పెట్టుకుంటాడు అన్నాను. పొద్దున్నే తీసుకెళ్ళి సాయంత్రం పెట్టేస్తాడు, ఎంతసేపు పని?

"అయితే ఈ గోడ అక్కడా కట్టాలి" అంది ఆమె.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేల గది అతనికిస్తే ఆమె పని పోతుంది, ఆమె తీసుకుంటే అతని పని పోతుంది. బేరమే వదులుకుంటే ఇద్దరూ ఈ రేకుకి అటూ ఇటూ ముసలివాళ్ళై పోతారు. ఇదల్మిస్ చాలాసేపు మోకాలి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. వీధిలో ఉల్లిపాయలమ్మేవాడు అరుచుకుంటూ పోయాడు.

"పట్టుకో" అంది.

"దేన్ని?"

"పిన్నుని. నేల గది నువ్వు తీసుకో."

"నీ మోకాలో?"

"నా మోకాలు గురక పెట్టదు."

"నీకేమైనా మతిపోయిందా?" అన్నాను నేను. "ఆ మెట్లెక్కితే మళ్ళీ దిగగలవా? గిరాకీ ఎలా వస్తుంది? ఎవేలియో, నువ్వైనా చెప్పు దానికి!"

"అక్కా" అంది ఆమె నా వైపు తిరిగి. గొంతులో కోపం కూడా లేదు. "ఇంక మధ్యలో నువ్వు మాటలు మొయ్యకు."

అంతకంటే చెంపదెబ్బ కొట్టినా బాగుండేది.

ఇద్దరూ పిన్నులు తీయడం మొదలుపెట్టారు. ఆమె తిప్పి, "నొక్కు" అంటుంది, అతను నొక్కుతాడు, ఆమె లాగుతుంది. మూడోది విరిగింది. "వేళ్ళు మొద్దుబారాయే. హ్యాండిల్ పట్టుకున్న చేతులివి" అన్నాడు. నాలుగోదానికి ఏదో లోహం తగిలిన చప్పుడైంది.

"ఏమిటది?"

"కనుబొమ్మల పట్టకారు."

"నాదా? పదకొండేళ్ళుగా వెతుకుతున్నా దానికోసం!"

"నా సగంలో పడిపోయింది. పడింది నాదే."

"దొంగ సచ్చినోడా" అంది, కానీ నవ్వు వచ్చేసింది ఆమెకి. ఆ పట్టకారుతో అతను చీలిక నొక్కి పట్టుకుంటే పిన్ను నలగకుండా, విరగకుండా, పూర్తిగా ఇటు వచ్చేసింది. పట్టు పోయి రేకు మూల వంగింది. అరచేయంత సందు ఏర్పడింది. అందులో ఎవేలియో కన్ను, నెరిసిన కనుబొమ్మ కనిపించాయి. వీధిలో రోజూ ఎదురుపడే మనుషులే, అయినా అంత దగ్గరగా చూసుకుని ఎన్నాళ్ళైందో.

"ముసలాడివైపోయావు" అంది.

"అద్దం నీ సగంలోనే ఉందిగా, చూసుకో" అన్నాడు.

బుధవారం ఆమె ఆ పిన్నుని తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని నోటరీ ఆఫీసుకి వెళ్ళింది. తెల్ల కాళ్ళు నాలుగూ ఫ్యాను చేతుల్లో కూర్చోబెట్టింది. నల్ల పుల్లలు దింపి, తలలన్నీ బాణానికి ఎదురు వైపుకి తిప్పింది. ఐమూలగా ఇదీ అదీ, మళ్ళీ ఇదీ అదీ నొక్కింది. నాలుగు టిక్కులు వినపడ్డాయి. అంతటితో నమ్మకుండా బోర్డు వెనక్కి తిప్పి నాలుగు కాళ్ళూ విచ్చుకున్నాయో లేదో వేలితో తడిమి చూసింది. ఆఖరున నా ఎర్ర గోళ్ళరంగు అడిగి తీసుకుని ఒక్కో తల మీద ఒక్కో చుక్క వేసింది. "ఈ చుక్క పగిలితే నీ తల పగులుతుంది" అని రిగోబెర్తోకి చెప్పింది. యంత్రం ఆ రోజు మొత్తం చావకుండా నడిచింది.

శుక్రవారం పదింటికి నోటరీ మేడం కాగితం చదివింది. నేల గది ఎవేలియోకి, నాలుగో అంతస్తు ఇదల్మిస్‌కి. "ఎవరి బలవంతమూ లేదు కదా? ఇష్టపడే చేస్తున్నారు కదా?" అని అడిగింది. ఇద్దరూ "అవును" అన్నారు. సాక్షిగా నేనూ సంతకం పెట్టాను. మింగలేక కక్కలేక అక్కడే నిలబడ్డాను. ఉల్పియానో, జెనైదా చేతులు పట్టుకుని కూర్చున్నారు, వాళ్ళ వైపు చూడాలంటే నాకు మనసొప్పలేదు.

అది మార్చి నెల. ఇదల్మిస్ ఆ మెట్లు ఎక్కడానికి గంటా పది నిమిషాలు పట్టింది. ప్రతి మలుపులోనూ నేను కుర్చీ వేశాను, ఆమె కూర్చుంది, లేచింది. పైకెళ్ళి తలుపేసుకుని, "విను అక్కా" అంది. ఏమీ వినిపించలేదు. "అదే" అంది ఆమె. కళ్ళు తుడుచుకుంది. నేనూ ఏడ్చాను, కారణాలు వేరు.

ఇప్పుడు నవంబర్. ఆమె ఇంతవరకు కిందికి దిగలేదు. కిటికీలోంచి తాడు కట్టిన బుట్ట దిగుతుంది, అందులో జనం ఫ్యాన్లు, చిన్న బోర్డులు వేస్తారు, ఆమె బాగుచేసి దించుతుంది. పెద్ద పెట్టెలు ఎవడూ మోసుకెళ్ళడు. పని సగానికి సగం తగ్గింది. రేషన్ పుస్తకం విడదీస్తామన్న ఆఫీసు ఇంకా విడదీయలేదు, ఇద్దరి రొట్టెలూ మార్కెట్ దగ్గరి దుకాణంలోనే వస్తున్నాయి. అందుకని ఎవేలియో రోజూ పొద్దున రిక్షా తెచ్చి ఆమె కిటికీ కింద ఆపి బెల్లు కొడతాడు. బుట్ట దిగుతుంది. రొట్టె పెడతాడు. "బతికే ఉన్నావా?" అని అరుస్తాడు. తాడు రెండుసార్లు ఊగుతుంది.

పోయిన ఆదివారం నేను వెళ్ళేసరికి అతను కిందే ఉన్నాడు.

"వదినా, దాన్ని అడుగు. వెల్డర్, నేను, ఇంకో ఇద్దరు కలిసి కుర్చీలో కూర్చోబెట్టి దించుతాం. పార్కు దాకా రిక్షాలో తిప్పి మళ్ళీ ఎక్కిస్తాం. డబ్బులక్కర్లేదని చెప్పు."

"నన్ను మాటలు మొయ్యొద్దంది నాయనా."

"ఈ ఒక్కటీ."

ఎక్కాను. నా మోకాళ్ళు కూడా ఏమంత బాగాలేవు. ఇదల్మిస్ కిటికీ దగ్గర కూర్చుని ఒక పిన్ను జత వేస్తోంది. అతను చెప్పింది చెప్పాను, ఒక్క మాట పొల్లుపోకుండా. ఆమె పిన్ను పక్కన పెట్టింది. కిందికి చూసింది. రిక్షా గూడు మీద ఎండ పడుతోంది. పార్కు చెట్ల తలలు అక్కణ్ణించే కనిపిస్తాయి, అంత దగ్గర. చాలాసేపు చూసింది. వెళ్ళమని నా మనసు కొట్టుకుంది. దిగమ్మా, ఒక్కసారి దిగు, నా పాపం కాస్త తేలికవుతుంది అనుకున్నాను.

"ఎవరో నలుగురు పట్టుకుంటే తప్ప దిగలేను, పట్టుకుంటే తప్ప ఎక్కలేను" అంది తనలో తాను. తర్వాత పిన్ను మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "చూద్దాం అని చెప్పు."

నాలుగంతస్తులు దిగాను. ప్రతి మలుపులోనూ ఆ మాటని ఏదో ఒకటి చేసెయ్యాలని నోరు లాగింది. వస్తానంది అంటే అతను పరుగెత్తుకుని పైకెళతాడు, రానంది అంటే రేపు రొట్టె పెట్టి ఊరుకుంటాడు. కింద అతను బెల్లు మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమంది వదినా?"

"చూద్దాం అంది" అన్నాను.